కుడికాలు నేర్చుకున్నాకే వీలింగ్: చిన్న బండి మీద స్టంట్లకు సమగ్ర మార్గదర్శి

వీలింగ్ చేస్తూ, అంటే ముందు చక్రం లేపి వెనక చక్రం మీదే బండి నడుపుతూ, మొదటిసారి పడ్డప్పుడు నా కుడికాలు ఎక్కడుందో ఇప్పటికీ గుర్తే. ఫుట్‌రెస్టు మీద హాయిగా ఆనుకుని ఉంది. ఉండాల్సింది వెనక బ్రేకు పెడల్ మీద. నెల్లూరు దగ్గర కోవూరు దాటాక, రోడ్లు వేసి, రాళ్లు పాతి, ఇంకా ఒక్క ఇల్లూ లేవని వెంచర్ అది. బండి మా చిన్నాన్న కొడుకుది, స్ప్లెండర్. పొద్దున ఆరున్నర. ఏడుసార్లు జానెడు లేచి బుద్ధిగా దిగిన ముందు చక్రం ఎనిమిదోసారి ఆకాశం వైపు తిరిగింది. బండి నా కింద నుంచి ముందుకు జారిపోయింది, నేను తారు మీద కూర్చుండిపోయాను. నంబర్ ప్లేటు వంకరపోయింది, వెనక లైటు ముక్కలైంది. మూడు వారాలపాటు దిండు లేకుండా కూర్చుంటే ముడ్డిపూస ప్రాణం తీసేది. ఉప్పు మూటతో కాపడం పెడుతూ అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

బండిని తీసుకెళ్లి చూపిస్తే మా మెకానిక్ భాయ్ ఒక నవ్వు నవ్వాడు. "లేపేది ఎవడైనా లేపతాడబ్బయా. దించేది యాడ నేర్చుకున్నావు నువ్వు?" అన్నాడు. వీడియోల్లో క్లచ్ గురించి పది నిమిషాలు చెబుతారు, వెనక బ్రేకు గురించి ఒక్క ముక్క అని వదిలేస్తారు. నేను దాన్ని తిరగేసి చెబుతాను. ముందు కాలు, ఆ తర్వాతే చెయ్యి.

ఎవరికి, ఏ బండికి

పద్దెనిమిది నిండాలి, గేర్ల బండి లైసెన్సు ఉండాలి. ఊరి సందుల్లోనూ వానలోనూ బండి నడిపిన అనుభవం ఓ రెండేళ్లయినా ఉండాలి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఇంకా వెతుక్కునేవాళ్లకు ఇది కాదు. ఇంట్లో తమ్ముళ్లు సరదాపడుతున్నారా? మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ఇది. తమ్ముడికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి చాలు.

బండి సంగతికొస్తే, ఎక్సెల్ మోపెడ్, స్కూటీలు పనికిరావు. వాటికి చేతి క్లచ్ ఉండదు, చక్రం లేపే ఊపును మన వేళ్లతో కొలిచి ఇవ్వలేం. స్ప్లెండర్‌లాంటి 100 సీసీ బండి లేస్తుంది గానీ కష్టపడి లేస్తుంది. 97.2 సీసీ ఇంజన్‌కు ఉన్న బలం తక్కువ కాబట్టి క్లచ్‌ను గట్టిగా వదలాలి, ప్లేట్లు తొందరగా అరిగిపోతాయి. నేర్చుకోవడానికి నా ఓటు 150, 160 సీసీ బండ్లకు, అదీ పాతవాటికి. పల్సర్ 150, అపాచీ 160, యూనికార్న్ లాంటివి. మొదటి గేరులో నెమ్మదిగా లేస్తాయి, తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి ఇస్తాయి. డ్యూక్ 200 సులువుగా లేస్తుంది. ఆ సులువే కొత్తవాళ్ల కొంప ముంచుతుంది. ఆర్ఎక్స్ 100 మీద నాకూ మోజే, కానీ టూ స్ట్రోక్ ఇంజన్ ఒక దశ దాకా మెత్తగా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా లంకించుకుంటుంది. పైగా ఇవాళ ఆ బండి రేటు చూసి దాన్ని నేలకేసి కొట్టుకునే ధైర్యం ఎవరికుంది!

బలం ముఖ్యం కాదనడానికి ఒక సంగతి. 2016 సెప్టెంబరులో డౌగీ లాంప్‌కిన్ అనే బ్రిటిష్ రైడర్ ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని రేసు రోడ్డు మొత్తాన్ని, అంటే 60 కిలోమీటర్ల పైచిలుకు, ఒంటి చక్రం మీద చుట్టొచ్చాడు. దాదాపు మన నెల్లూరు నుంచి కావలి వెళ్లినంత. అతను ఎక్కింది పెద్ద రేసు బండి కాదు, రాళ్లూ గుట్టలూ ఎక్కించే తేలికపాటి ట్రయల్స్ బండి.

చోటు

మన దగ్గర ఈ పనికి అన్నిటికన్నా నయమైనది అమ్ముడుపోని వెంచర్. నేరుగా, చదునుగా కనీసం 150 మీటర్ల తారు రోడ్డు ఉండాలి. ఓనర్‌నో, సైట్ ఆఫీసులో ఉండే మనిషినో అడిగి, లోపలికి వెళ్లాక గేటు వేయించుకోండి. గేటు మాట ఊరికే చెప్పడం లేదు. చట్టం దృష్టిలో జనం హక్కుగా వచ్చిపోయే చోటల్లా పబ్లిక్ ప్లేసే. అలాంటి చోట ప్రమాదకరంగా నడిపితే 184 సెక్షన్ కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

వెంచర్‌లో చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, గడ్డిలో దాక్కున్న ప్లాటు రాళ్లు. పడ్డప్పుడు తారు ఒళ్లు గీరుతుంది, రాయి అయితే ఎముక విరగ్గొడుతుంది. రోడ్డుకు రెండు వైపులా నడిచి చూసి, రాళ్లు దగ్గరగా ఉన్న రోడ్డును వదిలేయండి. రెండు, రోడ్డు మీద ఇసుక. పెన్నా ఇసుక ట్రాక్టర్లు తిరిగే దారుల్లో పిడికెడు పిడికెడుగా రాలి ఉంటుంది. చీపురు పట్టుకెళ్లండి. నవ్వకండి, మా బృందంలో చీపురు పట్టనివాడికి ఆ రోజు వంతు లేదు. కోతల రోజుల్లో ఈ రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు. ఎత్తేశాక కూడా గింజలు మిగులుతాయి, టైరు కింద అవి గోళీల్లా దొర్లుతాయి. కంపచెట్ల ముళ్లు సరేసరి.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు చూడగానే మెత్తగా పడొచ్చు కదా అనిపిస్తుంది. ముందు చక్రం దిగేటప్పుడు తడి ఇసుకలో కూరుకుపోయి హ్యాండిల్ తిరిగిపోతుంది, ఆపైన ఉప్పు గాలికి చైన్ తుప్పు పడుతుంది. రొయ్యల గుంటల కట్టలు వద్దు. చీమకుర్తి క్వారీ రోడ్లు వద్దు, అక్కడ గ్రానైటు ముక్కలు, డంపర్లు. ఎన్‌హెచ్ 16 అసలు వద్దు. పాత ప్రకాశం జిల్లాలోని కొరిశపాడు దగ్గర విమానాలు అత్యవసరంగా దిగడానికి హైవే మీద వేసిన కాంక్రీటు పట్టీ వెడల్పు చూసి నోరూరే కుర్రాళ్లు నాకు తెలుసు. అది ఎంత వెడల్పున్నా హైవేనే. మీ వెనకాల లారీ వస్తూనే ఉంటుంది.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మంచి సమయం. ఎండాకాలంలో తొమ్మిదికే హెల్మెట్ లోపల కళ్లు మసకబారతాయి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. దానికి ఎదురుగా చక్రం లేపితే గాలి కూడా ఓ చెయ్యి వేస్తుంది, మీరు అనుకున్నదానికన్నా ఎత్తుకు పోతుంది.

బండిని సిద్ధం చేయడం

మొదట వెనక బ్రేకు. డ్రమ్ము బ్రేకైతే లైనర్లు కొత్తవి వేయించి, పెడల్ కొంచెం నొక్కగానే పట్టుకునేలా నట్టు బిగించండి. అలాగని నొక్కకుండానే ఒరుసుకోకూడదు. బండిని మెయిన్ స్టాండ్ వేసి చేత్తో చక్రం తిప్పితే తెలిసిపోతుంది. పెడల్ ఎత్తు కూడా సరిచూడాలి. సీటు మీద కాస్త వెనక్కి జరిగి కూర్చున్నప్పుడు కూడా పాదం ముందు భాగం దాని మీదే ఉండాలి. నా మొదటి బండికి అది అందేది కాదు, మిగతా కథ మీకు తెలిసిందే.

2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో ఒక మెలిక ఉంది. అప్పటి నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు సీబీఎస్, అంతకు మించితే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి చేశారు. సీబీఎస్ బండిలో వెనక పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. గాల్లో ఉన్న ముందు చక్రం తిరగడం ఆగి, ఆగిన చక్రమే నేలను తాకుతుంది, దిగేటప్పుడు ఒక కుదుపు వస్తుంది. తెలిసి ఉంటే భయపడరు. పెడల్‌ను నొక్కిపట్టకుండా తట్టి వదిలేయడం అలవాటు చేసుకుంటే ఆ కుదుపు చాలావరకు పోతుంది.

క్లచ్ కేబుల్ కొత్తది వేయించి, నూనె పట్టించి, లివర్‌కు కొద్దిపాటి లూజు వదలండి. చైన్ మధ్యలో పైకీ కిందికీ రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగిస్తే తెగుతుంది, మరీ లూజైతే క్లచ్ వదిలిన ప్రతిసారీ ఒక దెబ్బ కొడుతుంది. హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్‌లు) పోయిన బండిని అసలు ముట్టుకోకండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమని శబ్దం వస్తే అది పోయినట్టే. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, వీల్ బేరింగ్‌లు ఒకసారి చూపించుకోండి. ఇంజన్ ఆయిల్ నిండుగా ఉండాలి. ముందు చక్రం లేచినప్పుడు ఆయిల్ అంతా వెనక్కి పోతుంది. తక్కువ ఉంటే పంపు గాలి పీల్చుకుంటుంది, పైన ఇంజన్ హెడ్ ఎండిపోతుంది.

స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మార్చాలా అని అందరూ అడుగుతారు. మొదటి రెండు నెలలు వద్దు. ఆ తర్వాత కావాలనిపిస్తే ముందు స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను తగ్గించడం చవకైన దారి. 14 పళ్లది తీసి 13ది వేస్తే, వెనక 42 బదులు 45 వేసినంత తేడా వస్తుంది. బండి తేలిగ్గా లేస్తుంది, టాప్ స్పీడు తగ్గుతుంది, హైవే మీద ఇంజన్ గోల పెడుతుంది. వెనక టైరు గాలి నాలుగైదు పాయింట్లు తగ్గిస్తే నేల మీద పట్టు పెరుగుతుంది. ట్యూబ్ టైరైతే అంతకన్నా తగ్గించకండి, రిమ్ములో టైరు జరిగి ట్యూబు వాల్వు తెగుతుంది.

మామూలు బండికి వెనక కేజ్‌లూ బార్‌లూ వెల్డింగ్ చేయించే ముందు ఆలోచించండి. బండి రూపు మారిస్తే చట్టం ఒప్పుకోదు. రేసులకూ స్పీడు పరీక్షలకూ వాడిన బండికి ఇన్సూరెన్సు మామూలుగా వర్తించదు, స్టంట్లలో విరిగింది కూడా మీ జేబులోంచే అనుకుని దిగండి. బండి రోడ్డు మీదా తిరగాలంటే లెగ్ గార్డుతో సరిపెట్టుకోవడమే.

ఒంటి మీద

ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గడ్డం కింద బకిల్ బిగించి. గ్లవ్స్, మోకాలి గార్డులు, మోచేతి గార్డులు. చీలమండ దాకా వచ్చే బూట్లు. చెప్పులతో వచ్చినవాడిని ఇంటికి పంపేయండి, బావమరిది అయినా సరే. నడుముకు గార్డు దొరికితే అన్నిటికన్నా ముందు అదే కొనండి. వీలింగ్‌లో పడేది ఎక్కువగా వెనక్కే. లేస్ కట్టుకున్నాక చివర్లు బూటులోకి దోపండి, చైన్‌కు చిక్కితే కాలు రాదు.

ఒంటరిగా వెళ్లొద్దు. ఒకరు బండి మీద, ఒకరు రోడ్డు చివర మనుషులూ గేదెలూ రాకుండా చూసుకుంటూ, ఇంకొకరు ఫోను పట్టుకుని. ఆ ఫోను రీల్స్ కోసం కాదు, 108కి. పడినవాడు మెడ నొప్పి అంటే, తిమ్మిరి అంటే లేపకండి, హెల్మెట్ లాగకండి, 108 వాళ్లు వచ్చేదాకా కదలనివ్వకండి.

మొదటి మెట్టు: కాలు

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉంటారు. డ్రైవరు ఒక్కసారి ముందుకు లాగితే మీరు వెనక్కి తూలుతారు. సడన్ బ్రేకు వేస్తే ముందుకు పడతారు. వీలింగ్ అంతా ఇంతే. వెనక చక్రం కింద నుంచి బండిని ముందుకు తోస్తుంది. బరువంతా ఆ తోపుకు పైన ఉంటుంది కాబట్టి బండి వెనక్కి ఒరుగుతుంది, ముందు చక్రం లేస్తుంది. వెనక బ్రేకు తట్టగానే ఆ లెక్క తిరగబడుతుంది, లేచిన ముక్కు కిందికి దిగుతుంది. ఎంత ఎత్తులో ఉన్నా, చక్రం దొర్లుతున్నంతసేపూ ఈ బ్రేకు పనిచేస్తుంది. అందుకే అది మీ ప్రాణతాడు.

మొదటి రోజు చక్రం లేపొద్దు. ఇంజన్ ఆపి, న్యూట్రల్ చేసి, మీరు బండి మీద కూర్చోండి. ఇద్దరు స్నేహితులు ముందు నుంచి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రాడ్లు) పట్టుకుని ఎత్తాలి, ఒకరు వెనక గ్రాబ్ రైలు పట్టుకోవాలి. జానెడు, మూరెడు, ఇంకా పైకి. ఆ ఎత్తుల్లో మీ కుడికాలు పెడల్ మీద ఉందా, జారి వెనక్కి వచ్చిందా చూసుకోండి. నిలబడ్డ బండిలో బ్రేకు ముక్కును దించదు, కాబట్టి ఇది బ్రేకు పరీక్ష కాదు. కాలికి ఎత్తు అలవాటు కావడానికి. మొదటిసారి ఎత్తినప్పుడు రోడ్డు కనిపించదు, ట్యాంకూ ఆకాశమూ కనిపిస్తాయి. ఆ భయం ఇంజన్ ఆగి ఉన్నప్పుడే తీరిపోవడం మంచిది.

తర్వాత మొదటి గేరులో పదిహేను కిలోమీటర్ల స్పీడులో వెళ్తూ, స్నేహితుడు "హా" అని అరవగానే వెనక బ్రేకు తట్టి వదలండి. ఆలోచన లేకుండా కాలు కదిలేదాకా చేయండి. నాకు రెండు పొద్దులు పట్టింది. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి.

రెండో మెట్టు: క్లచ్

నడిచే స్పీడులో క్లచ్ సగం పట్టి, సగం వదిలి బండిని పాకించడం. లివర్ మీద రెండు వేళ్లే ఉండాలి, మిగతావి గ్రిప్‌ను పట్టుకోవాలి. కుడి మణికట్టు కిందికి ఉండాలి. రేజ్ (యాక్సిలరేటర్) ఇచ్చే ముందు మణికట్టు పైకి ఉంటే, బండి లేచి మీరు వెనక్కి జారినప్పుడు చెయ్యి గ్రిప్‌కు వేలాడుతుంది, వేలాడుతూ ఇంకా రేజ్ ఇచ్చేస్తుంది. వెనక్కి తిరగబడే బండ్లలో సగం కథ ఇదే. మనిషి ఇవ్వడు, మనిషి బరువు ఇస్తుంది.

మూడో మెట్టు: బెత్తెడు, జానెడు, మూరెడు

మొదటి గేరు, పది పదిహేను కిలోమీటర్ల స్పీడు, బండి నేరుగా. కుడికాలు పెడల్ మీద. సీటు మీద కొంచెం వెనక్కి జరిగి, మోకాళ్లతో ట్యాంకును పట్టండి. చేతులు వదులుగా ఉండాలి. హ్యాండిల్‌ను లాగి లేపాలని చూడకండి. ఒక చెయ్యి ఎక్కువ లాగుతుంది, చక్రం వంకరగా లేస్తుంది, వంకరగానే దిగుతుంది.

ఇప్పుడు క్లచ్‌ను జారేంత మాత్రం పట్టి, ఇంజన్ మోత సగం దాకా పెంచి, వేళ్లను చటుక్కున వదలండి. లివర్‌ను చేజార్చినట్టు కాదు, వేళ్లు వెంట వెళ్లాలి. ముందు భాగం తేలికవుతుంది. మొదట్లో లేవదు, బండి ముందుకు దూకుతుంది, అంతే. కొంచెం కొంచెంగా మోత పెంచుతూ పోండి. బెత్తెడు లేచిన వెంటనే, లేచిందని సంతోషపడేలోపే, బ్రేకు తట్టండి. ప్రతిసారీ. చక్రం దానంతటది దిగేలా ఉన్నా తట్టండి.

బెత్తెడు ఎత్తులో యాభైసార్లు సరిగ్గా వచ్చాక జానెడుకు వెళ్లండి. జానెడు యాభై అయ్యాక మూరెడు. ఒకే పొద్దున మూడూ చేద్దామనుకుంటే క్లచ్ వేడెక్కి జారడం మొదలవుతుంది. అప్పుడు అదే మోతకు లేవని బండి, చల్లబడ్డాక ఎక్కువ లేస్తుంది. నేను పడ్డ ఎనిమిదో ప్రయత్నానికి ముందు టీ తాగడానికి పావుగంట ఆగాం. అది నాకు చాలాకాలం తర్వాత తట్టింది.

దిగడంలో మూడు సంగతులు. హ్యాండిల్ నేరుగా ఉండాలి. రేజ్ పూర్తిగా కట్ చేయకుండా కొద్దిగా ఉంచితే మెత్తగా వాలుతుంది. గాల్లో ఉండగా క్లచ్ పట్టుకోవద్దు. పడితే ముక్కు దబ్బున కిందపడి ఫోర్కు సీళ్లు ఆయిల్ కారుతాయి.

నాలుగో మెట్టు: తూకం

చిన్నప్పుడు అరచేతి మీద కర్ర నిలబెట్టి ఆడుకున్నారా? కర్ర నిటారుగా ఉన్నప్పుడు చెయ్యి పెద్దగా కదపక్కర్లేదు. వాలితేనే పరుగెత్తాలి. బండి కూడా అంతే. తక్కువ ఎత్తులో చక్రాన్ని నిలబెట్టాలంటే రేజ్ ఇస్తూనే ఉండాలి, స్పీడు పెరుగుతూనే ఉంటుంది, చివరికి ఇంజన్ బలం అయిపోయి చక్రం దిగిపోతుంది. బ్యాలెన్స్ పాయింట్, అంటే బండి వెనక చక్రం మీదే తూగే ఎత్తు, దగ్గర అయితే రేజ్ దాదాపు అక్కర్లేదు. కొంచెం ముందుకు వాలితే చిటికెడు రేజ్, వెనక్కి వాలితే చిటికెడు బ్రేకు. అక్కడ నిలబడగలిగితే నెమ్మదిగా కూడా ఎంత దూరమైనా పోవచ్చు.

మొదటి గేరులో మూరెడు స్థిరంగా వచ్చాక, 150 సీసీ బండిలో రెండో గేరుకు మారండి, ఇరవై ఇరవై ఐదు స్పీడులో. రెండో గేరు రేజ్‌కు మెత్తగా స్పందిస్తుంది, జెర్కులు తగ్గుతాయి. ఎత్తు పెంచేది వారానికి కొంచెం. ఒక్కసారైనా బ్యాలెన్స్ పాయింట్ దాటబోయి బ్రేకుతో వెనక్కి తెచ్చుకున్న రోజు, ఆ కాలు మీద నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం లేకుండా అక్కడిదాకా వెళ్లకూడదు, అక్కడిదాకా వెళ్లకుండా ఆ నమ్మకం రాదు. ఈ చిక్కుముడి విప్పడానికే బెత్తెడు దగ్గర అన్నిసార్లు కాలు తట్టించింది.

చూపు ముందు మడ్‌గార్డు మీద పెట్టకండి. హెడ్‌లైటు పక్క నుంచి దూరంగా రోడ్డు అంచును చూడండి. బండి ఎడమకు పోతుంటే కుడి మోకాలిని బయటికి తెరిస్తే నెమ్మదిగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే దించేయండి, మళ్లీ లేపొచ్చు.

పడేటప్పుడు

బ్రేకు అందలేదు, బండి మీదికి వస్తోంది. అప్పుడు బండిని వదిలేయాలి. రెండు కాళ్లూ వెనక్కి నేల మీద పెట్టి, చేతులు వదిలి, పరుగెత్తాలి. స్పీడు పదిహేనులో ఉంటే ఇది సాధ్యం, నలభైలో ఉంటే కాదు. నేర్చుకునేటప్పుడు స్పీడు తక్కువ ఉండాలనడం ఇందుకే. ఆగిన బండి మీద, స్నేహితులు ముక్కు ఎత్తి పట్టుకోగా, వెనక్కి దిగి నిలబడడం పాతికసార్లు ప్రాక్టీసు చేయండి. హ్యాండిల్ పట్టుకుని వేలాడే బుద్ధి మనిషికి పుట్టుకతో ఉంటుంది, దాన్ని మాన్పించాలి. పదివేల బండి పోతుందని పట్టుకుంటే నడుము పోతుంది.

తారుకు ఒరుసుకున్న గాయాన్ని మంచినీళ్లతో, సబ్బుతో కడిగి ఇసుక రేణువులు మిగలకుండా చూసుకోండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి.

స్టాపీ

వెనక చక్రం లేపేది. దీనికి ముందు డిస్కు బ్రేకు ఉండాలి. ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేకు దానంతటదే వదిలేస్తుంటుంది కాబట్టి సరిగ్గా రాదు. అందుకని ఫ్యూజు పీకేసేవాళ్లున్నారు. రోజూ ఆఫీసుకెళ్లే బండికి ఆ పని చేయకండి, వానాకాలంలో గుర్తొస్తుంది.

ఇరవై ఐదు స్పీడు, క్లచ్ పట్టి, చేతులు నిటారుగా గట్టిగా, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని. ముందు బ్రేకును ఒక్కసారి లాగకండి. ముందు కొంచెం నొక్కితే ఫోర్కులు కుంగి బరువు ముందు టైరు మీదికి వస్తుంది, ఆ తర్వాత గట్టిగా పిండాలి. నిమ్మకాయ పిండినట్టు. వెనక చక్రం బెత్తెడు లేవగానే బ్రేకు కొంచెం వదలండి, దిగిపోతుంది. ఇసుక రేణువులున్న చోట ముందు టైరు జారితే మొహం మీదే పడతారు, చీపురు విలువ అప్పుడు తెలుస్తుంది. వీలింగ్ వచ్చేసింది కదా అని దీన్ని చులకన చేసేవాళ్లను చూశాను. వీలింగ్‌లో తప్పు చేస్తే దిద్దుకోవడానికి కాలు ఉంది. ఇందులో రెండు వేళ్లే దిక్కు.

మిగతావి

సీటు మీద నిలబడడం, గుండ్రంగా తిరుగుతూ వీలింగ్ చేయడం, ఇవన్నీ బ్యాలెన్స్ పాయింట్ చేతికి, కాదు, కాలికి వచ్చాకే. గుండ్రంగా తిరిగేటప్పుడు వెనక బ్రేకును ఒరుసుకుంటూనే ఉంచాలి, డ్రమ్ము బ్రేకు అయితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. డిస్కు బండి వచ్చేదాకా ఆగండి. బర్నౌట్ (బండిని కదలనివ్వకుండా వెనక చక్రం తిప్పి పొగ లేపడం) గురించి చెప్పడానికేం లేదు. టైరు డబ్బులు పొగ అవుతాయి, అంతే.

స్టంట్లు కాకుండా బండిని గట్టిగా నడపడమే సరదా అయితే, చెన్నై అవతల శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన రేస్ ట్రాక్ ఉంది. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం లోపు చేరొచ్చు. ట్రాక్ మీద గురువు పక్కనుండగా బ్రేకులు వేయడం నేర్చుకున్నవాడికి వెంచర్‌లో సగం పని తగ్గుతుంది.

ఇంటికెళ్లే ముందు

ఇంజన్ చల్లారాక ఆయిల్ అద్దం చూడండి. చైన్ లూజు మళ్లీ కొలవండి, పొద్దున ఉన్నంత ఉండదు. స్పోక్ చక్రమైతే ఒక్కో స్పోకును వేలితో మీటండి, వదులైనది మొద్దుగా మోగుతుంది. ముందు చక్రం నేరుగా ఉన్నప్పుడు హ్యాండిల్ కూడా నేరుగా ఉందా, క్లచ్, బ్రేకు లివర్లు వంగాయా, నంబర్ ప్లేటు ఊడేలా ఉందా చూసుకోండి. ఫోర్కు రాడ్ల మీద ఆయిల్ చెమ్మ కనిపిస్తే సీళ్లు మార్చేదాకా మళ్లీ లేపొద్దు. వెనక టైరులో తగ్గించిన గాలిని దారిలో పెట్రోలు బంకులో కొట్టించుకోండి. చీపురు మర్చిపోకండి, రేపటి వాళ్లకు కావాలి.